పదెకరాల నల్లనేల, ఎనిమిది వేల పౌండ్ల బరువు: ఒక పికప్ ట్రక్కు ఎంపిక డైరీ

2025 మార్చి 8, శనివారం

డల్లాస్‌కు ఈశాన్యంగా, ఫానిన్ కౌంటీలోని బాన్‌హమ్ పట్టణం దగ్గర మేము కొన్న పదెకరాలకు ఈ రోజు ట్రాక్టరు కూడా ఖాయమైంది. ముప్పై అయిదు హార్స్‌పవర్ల చిన్న ట్రాక్టరు, దానికి ముందు లోడరు, వెనక గడ్డి కొట్టే ష్రెడ్డరు. పొలంలో ఇంకా కప్పు వేసిన చోటు లేదు, కాపలా మనిషీ లేడు. కాబట్టి ట్రాక్టరును మెకిన్నీ శివార్లలో అద్దెకు తీసుకున్న షెడ్డులో ఉంచి, పని ఉన్న వారాంతాల్లో 121వ నంబరు రహదారి మీద సుమారు 40 మైళ్ళు ట్రైలరుపై తీసుకువెళ్ళి, మళ్ళీ తీసుకురావాలి. ఆ పనికి ఏ పికప్ ట్రక్కు సరిపోతుందో తేల్చుకోవడానికే ఈ డైరీ మొదలుపెడుతున్నాను.

ముందుగా లాగవలసిన బరువు లెక్క వేశాను. ట్రాక్టరు 3,000 పౌండ్లు, లోడరు 1,000, ష్రెడ్డరు 600, వెనక టైర్లలో నింపిన నీరు 400, గొలుసులు, డీజిల్ డబ్బాలు, పనిముట్లు కలిపి మరో 200, ఇవన్నీ మోసే ఇరవై అడుగుల ట్రైలరు 2,800. మొత్తం 8,000 పౌండ్లు, అంటే మన లెక్కలో మూడు టన్నుల ఆరువందల కిలోలు.

మార్చి 15, శనివారం

వారమంతా కంపెనీల పట్టికలు చదివాను. ఫోర్డ్ ఎఫ్-150 గరిష్ఠంగా 13,500 పౌండ్లు లాగుతుందని, షెవర్లే సిల్వరాడో 1500 13,300 అని, టొయోటా టండ్రా 12,000 అని, హెమీ వీ8 ఇంజను ఉన్న నిన్నమొన్నటి రామ్ 1500 12,750 అని వాటిలో ఉంది. మా 8,000 పౌండ్ల ముందు ఇవన్నీ చాలా పెద్ద అంకెలు. ఇక రంగు ఎంచుకోవడమే తరువాయి అన్నంత ధైర్యం కలిగింది.

ఈ అంకెలు ఊరికే వేసుకున్నవి కావు. లాగుడు సామర్థ్యాన్ని కొలవడానికి ఎస్ఏఈ జే2807 అనే ప్రమాణం ఒకటుంది. ఆ ప్రమాణం ప్రకారం ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే సుమారు 11.4 మైళ్ళ ఎగువ రోడ్డు మీద, నిండు ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టుకుని, వెనక రెండే చక్రాలున్న ట్రక్కు గంటకు 40 మైళ్ళ వేగం తగ్గకుండా ఎక్కాలి. ఆగి ఉన్న స్థితి నుంచి 60 మైళ్ళ వేగాన్ని 30 సెకన్లలోపు అందుకోవాలి. 12 శాతం వాలులో పదే పదే ఆగి, ముందుకూ వెనక్కూ కదలగలగాలి. 2011 మోడళ్ళతో టొయోటా దీన్ని ముందుగా పాటించింది, మిగిలిన కంపెనీలు తరువాత ఒక్కొక్కటిగా దారికి వచ్చాయి. అంతకు ముందు ఎవరి లెక్క వారిదే కాబట్టి, ఈ ప్రమాణం కొనేవాడికి చేసిన మేలు చిన్నది కాదు.

అయితే ఆ పరీక్షలో ట్రక్కులో ఇద్దరే కూర్చుంటారు, ఒక్కొక్కరిని 150 పౌండ్లుగా లెక్కిస్తారు. మా ఇంట్లో నలుగురం. ఈ వాక్యం కింద గీత గీసి పెట్టుకున్నాను.

మార్చి 22, శనివారం

ఈ రోజు చూసినది ఇన్ని రోజులు చదివినదాన్నంతా తలకిందులు చేసింది.

మెకిన్నీ చుట్టుపక్కల మూడు షోరూముల ఆవరణల్లో తిరిగి, ప్రతి ట్రక్కుకూ డ్రైవరు తలుపు తెరిచి, తలుపు ఆనే స్తంభం మీద పసుపు అంచుతో అంటించిన స్టిక్కరు చదివాను. పోస్టుకార్డులో సగం కూడా లేని కాగితం అది. మనుషులు, సరుకు కలిపి ఇంత బరువు ఎన్నటికీ దాటరాదని కిలోలలోనూ పౌండ్లలోనూ దాని మీద ఉంటుంది. ఆ అంకెనే పేలోడ్ అంటారు. ప్రకటనలోని గరిష్ఠం ఆ మోడలులో ఏదో ఒక ట్రక్కుకు చెందినది. ఈ స్టిక్కరు మాత్రం మన ముందు నిలబడి ఉన్న ఆ ఒక్క ట్రక్కుది.

తోలు సీట్లు, అద్దాల పైకప్పు, నాలుగు చక్రాల డ్రైవు ఉన్న ఒక ఖరీదైన ట్రక్కు లాగుడు సామర్థ్యం 11,000 పౌండ్ల పైన అని అద్దానికి రాసి అంటించారు. తలుపు తెరిస్తే స్టిక్కరు మీద 609 కిలోలు, 1,342 పౌండ్లు అని ఉంది. ఏ కంపెనీదో రాయవలసిన పని లేదు, ఖరీదైన హంగులున్న హాఫ్-టన్ ట్రక్కు, అంటే ఎఫ్-150, సిల్వరాడో 1500 తరగతిది, ఎవరిదైనా ఇంచుమించు ఇంతే. సీటు మోటారు, పైకప్పు అద్దం, పక్కన మడిచే మెట్టు, ఇలా కంపెనీ తగిలించే ప్రతి హంగూ మనం మోయగలిగిన బరువులోంచే తీసేసుకుంటుంది.

ట్రైలరు బరువంతా దాని చక్రాలే మోయవు. అందులో పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా ముందు ముక్కు ద్వారా ట్రక్కు హిచ్ మీద, అంటే ట్రైలరును తగిలించే కొక్కెం మీద పడుతుంది, పడాలి కూడా. ఎడ్లబండి కట్టినవారికి ఇది కొత్త విషయం కాదు. గుంటూరు జిల్లాలో మా తాతయ్య పత్తి బోరాలు వేసేటప్పుడు కాడి మీద బరువు ఎంత పడుతోందో నొగ పట్టుకుని ఎత్తి చూసేవాడు. ఇక్కడ టంగ్ వెయిట్ అనేదాన్ని ఈ డైరీలో నేను కాడి బరువు అనే రాస్తాను.

మా 8,000 పౌండ్లకు కాడి బరువు సుమారు 1,000. నలుగురు మనుషులు 600. హిచ్, బరువును ముందు చక్రాల మీదికి సర్దడానికి దానికి బిగించే కడ్డీలు 90. వెనక తొట్టిలో పనిముట్ల పెట్టె 150. మొత్తం 1,840 పౌండ్లు. తలుపు మీద 1,342 ఉన్న ట్రక్కు 11,000 పౌండ్లు లాగగలిగి ఉండవచ్చు, కాని మా కుటుంబంతో మా ట్రాక్టరును లాగాలంటే దాదాపు 500 పౌండ్ల అధిక భారం మోయాలి. ఇంజను ఓడిపోకముందే స్ప్రింగులూ టైర్లూ యాక్సిలూ ఓడిపోతాయన్నమాట.

ఇంకొక సంగతి కూడా ఈ రాత్రే రాసి పెట్టుకుంటున్నాను. 2021 ఎఫ్-150 గురించి 14,000 పౌండ్లు లాగుతుందనీ, 3,325 పౌండ్లు మోస్తుందనీ పక్కపక్కనే ప్రకటించారు. మొదటిది 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ఇంజనుతో వచ్చే అంకె, రెండవది 5.0 లీటర్ల వీ8తో, ప్రత్యేకమైన బరువుల ప్యాకేజీతో వచ్చే అంకె. రెండూ ఒకే ట్రక్కులో దొరకవు.

ఏప్రిల్ 5, శనివారం

ట్రైలరు కొన్నాము. వాడినదే, రెండు యాక్సిళ్ళు, నాలుగు చక్రాలకూ ఎలక్ట్రిక్ బ్రేకులు. టెక్సాస్‌లో సాధారణ వేగంతో వెళ్ళే ట్రైలరు బరువుతో కలిపి 4,500 పౌండ్లు దాటితే బ్రేకులు ఉండి తీరాలి.

ఖాళీ ట్రైలరును మా బావగారి ఎఫ్-150కి తగిలించి వీధి చివరిదాకా తోలి, డ్రైవరు దగ్గర నుంచే ట్రైలరు బ్రేకులు వేసే బ్రేక్ కంట్రోలరును చేత్తో నొక్కుతూ నాలుగైదుసార్లు ఆపాను. దిగి ఒక్కొక్క చక్రం డ్రమ్ము మీద చేయి ఉంచి చూశాను. మూడు వెచ్చగా ఉన్నాయి. కుడివైపు వెనకది నీళ్ళ కుండలా చల్లగా ఉంది. మీటరు పెట్టి చూస్తే పనిచేసే బ్రేకు అయస్కాంతాలు ఒక్కొక్కటీ 3 ఓమ్‌లకు కాస్త పైన చూపిస్తున్నాయి, నాలుగోది ఏమీ చూపించడం లేదు. యాక్సిల్ గొట్టం లోపలికి వెళ్ళే తీగ ఒరుసుకుని తెగిపోయింది. గొట్టం బయటి నుంచి కొత్త తీగ లాగి, అతుకుల మీద వేడికి బిగుసుకునే తొడుగు వేశాను. టైర్ల పక్కన నాలుగంకెల తారీకు ముద్ర 1417, అంటే 2017లో పద్నాలుగో వారం. నాలుగూ మార్చేశాను. ట్రైలరు టైరు అరుగుదల చూసి నమ్మవలసినది కాదు, వయసు చూసి మార్చవలసినది.

ఏప్రిల్ 12, శనివారం

ట్రాక్టరుతో తొలి ప్రయాణం, బావగారి ట్రక్కులోనే. ఎక్స్ఎల్‌టీ రకం, 3.5 ఎకోబూస్ట్, 400 హార్స్‌పవర్లు, 500 పౌండ్-అడుగుల టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం. తలుపు మీద పేలోడ్ 1,742 పౌండ్లు. నాతో బావగారు, ఊరి నుంచి వచ్చిన మా మామగారు ఉన్నారు.

మెలిస్సా దాటాక 50 మైళ్ళ వేగంలో ఉండగా ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటింది. ఆ గాలి తోపుకు ట్రైలరు తోక ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఊగింది. స్టీరింగు కదపకుండా గట్టిగా పట్టుకుని, ట్రక్కు బ్రేకు తొక్కకుండా ట్రైలరు బ్రేకు ఒక్కదాన్నే చేత్తో నొక్కితే నిలకడకు వచ్చింది. నా అరచేతులు తడిసిపోయాయి.

పక్కనున్న పెట్రోలు బంకులోకి తిప్పి ఆపగానే మామగారు దిగి ట్రైలరు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, “కాడి మీద బరువు చాలలేదు బాబూ, బండి వెనక మొగ్గు అయింది” అన్నారు. ఆయనకు జే2807 తెలియదు, కాని ముప్పై ఏళ్ళు ఎడ్లబండి తోలారు. ముక్కు కింద హైడ్రాలిక్ గేజీ పెట్టి చూస్తే 720 పౌండ్లు, అంటే మొత్తంలో తొమ్మిది శాతమే. గొలుసులు విప్పి ట్రాక్టరును సరిగ్గా ఒక అడుగు ముందుకు జరిపి మళ్ళీ చూస్తే 1,040. అయిదు వేల పౌండ్ల యంత్రం ఒక్క అడుగు జరిగితే కాడి మీద 320 పౌండ్లు పెరిగింది. ట్రైలరు చెక్క మీద ముందు చక్రాలు ఆగవలసిన చోట తెల్లరంగుతో గీత గీశాను. అక్కడి నుంచి బాన్‌హమ్ దాకా ఎన్ని లారీలు దాటినా ట్రైలరు మళ్ళీ ఊగలేదు.

ఏప్రిల్ 26, శనివారం

లారీలు ఆగే ట్రక్ స్టాపులో తూకం. అక్కడి కాటా మూడు పలకలుగా ఉంటుంది. ట్రక్కు ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు రెండవదాని మీద, ట్రైలరు చక్రాలు మూడవదాని మీద ఆపితే, ఇరవై పౌండ్ల తేడాలతో మూడు అంకెలు విడివిడిగా చీటీలో వస్తాయి. బరువును సర్దే స్ప్రింగు కడ్డీలు బిగించి ఒకసారి, ఆ ఆవరణలోనే కడ్డీలు విప్పి తొట్టిలో పెట్టి మెల్లగా తోలి ఒకసారి, ట్రైలరు పక్కన వదిలేసి ట్రక్కు ఒక్కదానితో ఒకసారి, ఇలా మూడు తూకాలు వేయించాము. ట్రక్కులో నేనూ బావగారే.

ట్రక్కు ఒక్కటే ముందు 3,240, వెనక 2,440, మొత్తం 5,680 పౌండ్లు. కడ్డీలు లేకుండా ట్రైలరు తగిలిస్తే ముందు 2,840, వెనక 3,880, ట్రైలరు చక్రాల మీద 6,960. ఇందులో నన్ను ఆలోచింపజేసినది ముందు అంకె. వెనక వెయ్యి పౌండ్లు పడితే వెనక బరువు వెయ్యి మాత్రమే పెరగలేదు, 1,440 పెరిగింది, ఎందుకంటే హిచ్ వెనక యాక్సిల్‌కు చాలా అవతల ఉండి, తులాబారంలా ముందు చక్రాలను 400 పౌండ్ల మేర పైకి లేపింది. దారి తిప్పవలసినవీ, బ్రేకు పనిలో పెద్దపాలు పంచుకోవలసినవీ ఆ ముందు చక్రాలే. కడ్డీలు బిగించినప్పుడు ముందు 3,060, వెనక 3,560, ట్రైలరు 7,060 వచ్చింది. ముందు పోయిన బరువులో సగానికి పైగా తిరిగి వచ్చింది. హిచ్ గొట్టం కింద అంటించిన చిన్న స్టిక్కరు కడ్డీలు లేకుండా 5,000 పౌండ్లే అనుమతిస్తుందని ఆ రోజే బావగారికి చూపించాను. నాలుగేళ్ళుగా ట్రక్కు నడుపుతున్నా ఆయన దాన్ని చూడలేదు.

ఆ ట్రక్కు మొత్తం బరువు పరిమితి 7,050 పౌండ్లు. కడ్డీలతో ట్రక్కు మోసింది 6,620. మిగిలినది 430. మా ఆవిడ, అబ్బాయి, మామగారు కలిసి 410. అంటే అందరం ఎక్కాక మిగిలేది ఇరవై పౌండ్లు, మంచినీళ్ళ ఐసు పెట్టె ఎక్కిస్తే అదీ ఉండదు. ఇంజను మాత్రం ఎక్కడా ఆయాసపడలేదు. మోసే బరువు పరిమితి అంచుకు వచ్చేసిందని మాకు చెప్పింది ఆ కాటా చీటీ ఒక్కటే.

మే 10, శనివారం

మిగిలిన హాఫ్-టన్ ట్రక్కుల గురించి తేలినది.

ఆఫీసు మిత్రుడి సిల్వరాడోలో 3.0 లీటర్ల ఆరు సిలిండర్ల డ్యూరమాక్స్ డీజిల్ ఉంది. 305 హార్స్‌పవర్లు, 495 పౌండ్-అడుగుల టార్క్. అదే ట్రైలరు, అదే దారి. ఎకోబూస్ట్ గ్యాలనుకు 9.5 మైళ్ళు ఇచ్చిన చోట ఇది 13 ఇచ్చింది, తక్కువ వేగంలోనే బరువును నిశ్శబ్దంగా పట్టుకుంది. రోజూ దూరాలు లాగేవారికి నా మొదటి మాట ఇదే. కాని దాని తలుపు మీద అంకె కూడా మా 1,840కి చేరలేదు.

రామ్, టండ్రా ట్రక్కులకు వెనక లారీల్లో ఉండే కమాన్ కట్టలకు బదులు కారులో లాగా కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. ఖాళీగా తోలినప్పుడు గతుకులు తెలియవు. టండ్రా 3.4 లీటర్ల రెండు టర్బోల వీ6 389 హార్స్‌పవర్లు, 479 పౌండ్-అడుగులు ఇస్తుంది, దాని హైబ్రిడ్ 437, 583 ఇస్తుంది. ఈ ట్రక్కు శాన్ ఆంటోనియోలోనే తయారవుతుంది. శక్తికి ఇక్కడ ఏ లోటూ లేదు. పేలోడ్ మాత్రం ఎంత మేలైన రకంలోనూ 1,940 దాటదు, నాలుగు చక్రాల డ్రైవు, పెద్ద క్యాబిన్ తీసుకుంటే ఇంకా తగ్గుతుంది.

మనసు లాగినది ఎఫ్-150 పవర్‌బూస్ట్ హైబ్రిడ్. 430 హార్స్‌పవర్లు, 570 పౌండ్-అడుగులు, పైగా తొట్టిలోనే 7.2 కిలోవాట్ల కరెంటు ఇచ్చే ప్లగ్గులు. మా పొలంలో కరెంటు లేదు. వెల్డింగు యంత్రం, బోరు మోటారు దాని మీదే నడుస్తాయి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్‌లో చాలా చోట్ల కరెంటు పోయినప్పుడు ఈ ట్రక్కులతో ఇళ్ళు వెచ్చగా ఉంచుకున్నవారున్నారు. కాని బ్యాటరీ, మోటారు బరువు కూడా ఆ పసుపు స్టిక్కరులోంచే పోతుంది. విద్యుత్ ట్రక్కుల సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. ఈ బరువు లాగితే వాటి ప్రయాణ దూరం దాదాపు సగానికి పడిపోతుంది, మా దారిలో ట్రైలరు విప్పకుండా ఛార్జింగు పెట్టుకునే చోటు నాకు కనిపించలేదు.

మే 31, శనివారం

ఒక మెట్టు పైకి వెళ్ళి త్రీ-క్వార్టర్-టన్ ట్రక్కులు, అంటే ఎఫ్-250, రామ్ 2500 తరగతివి చూశాను. ఇక్కడా తలుపు తెరవకుండా నమ్మకూడదని వెంటనే తెలిసింది. ఈ తరగతిలో చాలా ట్రక్కుల మొత్తం బరువు పరిమితిని 10,000 పౌండ్ల దగ్గర ఆపుతారు. డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజను కంటే కొన్ని వందల పౌండ్లు ఎక్కువ, ఆ బరువు కూడా ఆ పదివేలలోంచే తీసివేయాలి. 6.7 లీటర్ల కమ్మిన్స్ డీజిల్ ఉన్న రామ్ 2500 కొండనైనా లాగుతుందనిపిస్తుంది, కాని ఖరీదైన హంగులతో వచ్చినప్పుడు దాని పేలోడ్ 2,000 లోపే ఉండవచ్చు, అంటే పొదుపైన హంగులున్న హాఫ్-టన్ ట్రక్కుతో సమానం. మాకు కావలసినది లాగే బలం కాదు, మోసే బలం. అందువల్ల పెట్రోలు ఇంజను, గుడ్డ సీట్లు, ఇనుప చక్రాలు ఉన్న ట్రక్కు కోసమే వెతకాలని నిర్ణయించుకున్నాను.

జూన్ 14, శనివారం

వాడిన ఎఫ్-250 ఎక్స్ఎల్‌టీ కొన్నాను. 7.3 లీటర్ల పెట్రోలు వీ8, 430 హార్స్‌పవర్లు, 475 పౌండ్-అడుగులు. టార్క్ అంకెలో చూస్తే బావగారి ఎఫ్-150 కన్నా తక్కువే. తలుపు మీద 3,126 పౌండ్లు.

నలుగురం ఎక్కి, పనిముట్ల పెట్టెతో, నిండు ట్యాంకుతో అదే కాటాకు వెళ్ళాము. ట్రక్కు ఒక్కటే 7,720. కడ్డీలు బిగించి ట్రైలరు తగిలించాక ముందు 4,060, వెనక 4,600, ట్రైలరు 7,060. ట్రక్కు మొత్తం 8,660, పరిమితి 10,000. ఇంకా 1,340 పౌండ్లు మిగిలాయి. ఐసు పెట్టె కూడా తెచ్చుకున్నాము.

ఖాళీగా ఉన్నప్పుడు ఈ ట్రక్కు గతుకుల మీద ఎగిరెగిరి పడుతుంది, ఆఫీసు పార్కింగులో మొదటి ప్రయత్నానికి ఒదగదు, పెట్రోలు కూడా బాగా తాగుతుంది. రోజూ ఆఫీసుకు ఇదొక్కటే బండి అయితే నేను దీన్ని కొనేవాడిని కాదు, ట్రాక్టరు తరలించే రోజున ఇద్దరమే వెళ్ళి మిగిలినవారిని కారులో రమ్మనేవాడిని. అప్పుడు 1,742 అని రాసి ఉన్న ట్రక్కు చక్కగా సరిపోతుంది.

జూన్ 28, శనివారం

వారమంతా వాన. పొలం గేటు దాటి ఇరవై అడుగులు వెళ్ళేసరికి ట్రక్కు ముందు చక్రాలు నేలలో దిగబడ్డాయి. ఇక్కడి నల్లమట్టి అచ్చం మన నల్లరేగడే. ఎండితే చేయి పట్టేంత పగుళ్ళు, తడిస్తే అడుగు తీసి అడుగు వేసేసరికి చెప్పు రెండింతలవుతుంది. ట్రక్కు బరువెక్కిన కొద్దీ ఈ నేల మీద లోతుగా దిగుతుందన్నది నేను మార్చిలోనే లెక్కలోకి తీసుకోవలసిన విషయం. నాలుగు చక్రాల డ్రైవును తక్కువ గేరులో వేసి, వెనక్కి మెల్లగా తీసి బయటపడ్డాను.

మధ్యాహ్నం ట్రైలరు విప్పి, పనిముట్ల పెట్టె దింపి, కంకర యార్డుకు వెళ్ళాను. లోడరు ఒక్క తొట్టెడు సున్నపురాయి కంకర పోసింది. ఖాళీగా 7,080, నిండాక 9,720, చీటీ మీద నికరం 2,640 పౌండ్లు. వెనక టైర్లలో గాలి పెంచుకుని, 45 మైళ్ళకు మించకుండా పొలానికి చేర్చి, గేటు దగ్గర పారతో దింపేసరికి పొద్దు వాలింది. మామగారు కంకరను పలుగుతో సర్దుతూ, “ఇంకా అయిదారు బళ్ళు పడతాయి” అన్నారు. వచ్చే శనివారం రెండు లోడ్లు, మట్టిలో దిగకుండా కంకర కింద పరిచే గుడ్డ ఒక చుట్ట తేవాలి.